లెక్కకు మించిన రొట్టె

ఫమెనోత్ 6, ఆదివారం

నేను చూసుకునే నేతశాల పాత పద్దుల వెనకవైపు ఖాళీగా ఉంది, వాడుకుంటున్నాను. ఇది నాకోసం. ఇంట్లో నేను కాక చదవడం వచ్చినవాడు హోరియోన్ ఒక్కడే. కన్నకొడుకే, పై అంతస్తులోనే ఉంటాడు, కానీ నా గదిలోకి రాడు. రావద్దని నేనే చెప్పాను.

చక్రవర్తి సైనికులు మన గుడి తీసుకుని కొత్తవాళ్ళకిచ్చి ఇరవై మూడు రోజులు. గురువు పియామోన్‌ను ఎడారిలోని ఒయాసిస్‌కు ప్రవాసం పంపేశారు. పోయేముందు ఆయన చివరిసారి ఆశీర్వదించిన ప్రభువు బల్ల రొట్టెను ముక్కలు చేసి, ఎముకతో చేసిన చిన్న పెట్టెలో పెట్టి నా చేతికిచ్చాడు. "అమ్మా, నీ దగ్గరుంటే లెక్క తప్పదు" అన్నాడు. ఊళ్ళో అందరూ ఇంటికి తెచ్చుకుని దాచుకునేదే. కానీ ఇక తెచ్చుకోవడానికి మన గురువు లేడు. కొత్త బిషప్పు పంపిన గురువుల చేతి రొట్టె నేను ముట్టను. దేవుని కుమారుణ్ణి సృష్టిలో ఒకడని చెప్పే నోటితో ఆశీర్వదించింది నాకు రొట్టె కాదు.

ఉన్నవి ఇరవై నాలుగు. ఇవాళ నాకొకటి, పక్కింటి తయేసిస్‌కొకటి, మంచం పట్టిన పొలిట్టాకొకటి. మిగిలినవి ఇరవై ఒకటి. వారానికి మూడు చొప్పున ఏడు ఆదివారాలు. ఈలోగా దేవుడు ఏదో ఒకటి చూస్తాడు.

ఫమెనోత్ 9

మొన్న ఆదివారం హోరియోన్ కొత్తవాళ్ళ గుడికి వెళ్ళాడట. కోడలు ఇసిదోరా కూడా. రేవులో గోధుమలు కొలిచే పని ఉండాలంటే అక్కడ కనబడాలట. నాకేమీ బాధ లేదు.

ఫమెనోత్ 11

స్నానశాల మెట్ల మీద కొత్తవాళ్ళ కుర్రకారు కాపలా కాస్తున్నారు, వచ్చే పోయే ఆడవాళ్ళను ఆపి అడగడానికి. తడి తువ్వాలు భుజాన వేసుకున్నవాడొకడు నాకు అడ్డం వచ్చాడు.

"ఏం మామ్మా, కనకముందే నీకు కొడుకున్నాడా?"

"లేడు."

"మరి దేవుడికి మాత్రం ఎలా ఉంటాడు? తండ్రి ముందు, కొడుకు తర్వాత. అవునా కాదా?"

అందరూ నవ్వారు. వెనక నుంచి తయేసిస్ నా చెంగు లాగుతోంది, పోదాం రమ్మని.

"నాయనా, పుట్టకముందు నీకు బుద్ధి లేదు. పుట్టాక కూడా రాలేదు. దాన్ని బట్టి దేవుడికీ బుద్ధి లేదని చెప్పనా?" అన్నాను.

ఈసారి కూడా నవ్వారు, కానీ వాణ్ణి చూసి. వాడు తువ్వాలు దులిపి పక్కకి జరిగాడు.

ఇంటికొచ్చాక ఇంకా మంచి జవాబు తట్టింది. కొడుకు లేని రోజున ఆయన్ని తండ్రి అని ఎవరు పిలిచారు? తండ్రి అనే మాట కొడుకుతోనే వస్తుంది. నేను తల్లినయింది హోరియోన్ పుట్టిన రోజున.

ఈ ఉదాహరణ వద్దు. కొట్టేశాను.

ఫమెనోత్ 13, ఆదివారం

నేతశాల నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళకీ ఇంకెక్కడా దొరకదు. నలుగురికి నాలుగు. నేను తీసుకోలేదు, ఇవాళ నాకంత అవసరం అనిపించలేదు. మిగిలినవి పదిహేడు.

ఫమెనోత్ 20, ఆదివారం

ఆ నలుగురికే నాలుగు. మిగిలినవి పదమూడు. నాకు ఈ వారం పంటి నొప్పి.

ఫమెనోత్ 24

విధవలకిచ్చే గోధుమ ఆపేశారు. కొత్త గురువు ముందు నిలబడి, 'కుమారుడు లేని కాలం ఒకటుండేది' అని చెప్పినవాళ్ళకే సంచి నింపుతున్నారు. తయేసిస్ ఖాళీ సంచితో తిరిగొచ్చింది.

"నోరు తెరిచి ఆ ముక్క అనడానికి ఎంతసేపు పడుతుంది వదినా? గుక్కెడు నీళ్ళు తాగినంతసేపు. కానీ నోరు పెగల్లేదు. పాడు నోరు, మిగతా రోజుల్లో ఆగదు" అంది.

దానికి నా శనగల్లో సగం ఇచ్చాను. దాని నోరు ఆగని మాట మాత్రం నిజం.

ఫమెనోత్ 27, పస్కా

ప్రభువు తిరిగి లేచిన పండగ. మనకు గుడి లేదు కాబట్టి ఊరి బయట సమాధుల తోటలో కూడాం. కీర్తనలు పాడాం. ఎండ బాగా ఉంది. మా తండ్రి సమాధి పక్కనే నిలబడ్డాను. నాకు అక్షరాలు నేర్పిన మనిషి, నా గొంతు మాత్రం బాగు చేయలేకపోయాడు.

ఇంటికొచ్చి నాలుగు ఇచ్చాను. మిగిలినవి తొమ్మిది. నేను తీసుకోలేదు. మెట్ల మీద హోరియోన్ ఎదురుపడ్డాడు. పొలిట్టాకు ముక్క పట్టుకెళ్తున్న నన్ను చూసి, "పండగ పూట నువ్వు తీసుకున్నావా అమ్మా?" అన్నాడు.

"నా పళ్ళ సంగతి నీకెందుకు?" అన్నాను.

"పళ్ళా?" అన్నాడు.

దిగి వచ్చేశాను. గుడి పోయిన ఈ ఆరు వారాలలో వాడు నాతో మాట్లాడిన రెండో మాట.

ఫర్ముథి 4, ఆదివారం

పదకొండు ఉన్నాయి.

తొమ్మిది ఉండాలి. మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగోసారి తయేసిస్ చేత పెట్టించాను.

"వదినా, పోయిన వారం నువ్వు తప్పు రాసుకున్నావేమో."

"నేనా?"

దాని ముఖం తెల్లబోయింది. నలభై ఏళ్ళుగా నన్ను ఎరిగిన మనిషి. తర్వాత రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"అయితే పెరిగాయి! ఐదు రొట్టెలు ఐదు వేలమందికి పంచినాయన, నీ పెట్టెలో రెండు ముక్కలు పెంచలేడా?"

"అరవకు" అన్నాను.

ఐదుగురం తీసుకున్నాం. నేనూ తీసుకున్నాను. మూడు ఆదివారాల తర్వాత. మిగిలినవి ఆరు.

ఫర్ముథి 7

హోరియోన్ వచ్చే వారం నుంచి బుధవారం, శుక్రవారం కూడా కొత్తవాళ్ళ గుడికి వెళ్తాడని ఇసిదోరా చెప్పింది. ఆదివారం ఒక్కటే సరిపోలేదు కాబోలు. రేవులో పెద్ద కొలతగాడి పదవి ఖాళీ అయింది కదా. నా కడుపున పుట్టినవాడికి ఇంత ఆశ ఎక్కణ్ణుంచి వచ్చిందో.

ఫర్ముథి 11, ఆదివారం

ఆరు ఉండాలి. ఎనిమిది ఉన్నాయి.

అరవవద్దని చెప్పినా తయేసిస్ నోరు వీధంతా తిరిగొచ్చింది. వాకిట్లో తొమ్మిది మంది ఆడవాళ్ళు. ఎవరో నా చెంగును ముద్దుపెట్టుకున్నారు, చేయి విదిలించుకున్నాను.

నేను తీసుకున్న ముక్క తెల్లగా ఉంది. పియామోన్ రొట్టెలో తవుడు ఎక్కువ. పాతబడితే రొట్టె తెల్లబడుతుంది.

ఐదు ఇచ్చాను, నాదితో కలిపి. మిగిలినవి మూడు.

ఫర్ముథి 14

గుడిలో గురువుకు సాయపడే డీకను యుడైమోన్ వచ్చాడు. సైనికులు వెతుకుతున్నారని చేపలమ్మేవాడి వేషంలో. బుట్టలో నిజంగానే చేపలున్నాయి, నిన్నటివి. వాకిలి ఇంకా కంపు కొడుతోంది.

"అమ్మగారూ, ఎన్ని పెరిగాయి?"

"పెరిగాయని నేననలేదు. ఉండాల్సిన వాటికంటే ఎక్కువున్నాయన్నాను."

"పెరగడమంటే అదే కదమ్మా."

"కాదు. నేతశాలలో నూలు ఎక్కువ తూగితే పెరిగిందనం. ఎవరో తడిపారంటాం."

"రొట్టెను ఎవరు తడుపుతారమ్మా?" అని నవ్వాడు. తర్వాత బుట్ట కింద పెట్టి, గొంతు తగ్గించాడు. "మీరు చదువుకున్నవారు. మీరు చెప్తే అనుమానించేవాడు ఈ ఊళ్ళో లేడు. ఇరవై అయిదో తారీకు ఆదివారం, సమాధుల తోటలో అందరి ముందూ లెక్క చదవండి, చాలు. ఎడారిలో దాక్కున్న మన బిషప్పుకు నేను ఉత్తరం రాస్తాను. రోజుకిద్దరు ముగ్గురు జారిపోతున్నారమ్మా గోధుమ కోసం. ఇది వింటే ఆగుతారు. వాళ్ళకు చక్రవర్తి ఉన్నాడు, మనకు మీ పెట్టె ఉంది."

సరేనన్నాను. లెక్క లెక్కే కదా. ఎందుకయిందో చెప్పమని అతను అడగలేదు. ఎంతయిందో చెప్పమన్నాడు.

ఫర్ముథి 18, ఆదివారం

ఎనిమిది మందికి ఇచ్చాను, నాతో కలిపి. సరిపోయాయి. ఇంకా ఒకటి ఉంది.

ముందు ఎన్ని ఉన్నాయో ఈ వారం లెక్కపెట్టలేదు. పనులున్నాయి.

ఫర్ముథి 20

లెక్కపెట్టలేదు.

ఫర్ముథి 21

స్నానశాల మెట్ల మీద ఆ తువ్వాలువాడు నన్ను చూసి పక్కకి తొలిగి దారిచ్చాడు. పెట్టె సంగతి వాళ్ళ దాకా వెళ్ళిందన్నమాట. తల పైకెత్తుకుని మెట్లెక్కాను. ఎక్కేంతసేపూ బాగుంది.

ఫర్ముథి 23, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నేతశాలలో కండెలు అయిపోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. నా గది తలుపు తీసి ఉంది. హోరియోన్ గూటి ముందు నిలబడి ఉన్నాడు. పెట్టె మూత తీసి ఉంది. చేతిలో నారగుడ్డ మూట.

వాడు దొంగలా ఉలిక్కిపడలేదు. మూత పెట్టబోయి, ఆగి, మూట నా ముందు విప్పాడు. రెండు ముక్కలు. తెల్లవి. ప్రభుత్వ గోదాము పిండి అంత తెల్లగా ఉంటుంది.

"నాదొకటి, ఇసిదోరాదొకటి" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"పస్కా నుంచి. మొదట ఆదివారాలే. చాలలేదు, జనం ఎక్కువయ్యారు. అందుకని బుధ, శుక్రవారాలు కూడా వెళ్ళాం."

"మీరు తినకుండా?"

"చేతిలో పెడతారు. ఇంటికి తెచ్చుకుంటామంటే ఎవరూ ఏమనరు. అందరూ తెచ్చుకునేదే కదా."

మంచం మీద కూర్చున్నాను. అప్పుడు అరిచాను. ఏమన్నానో అంతా రాయను. నా నోట్లో విషం పోశావన్నాను. నలభై ఏళ్ళుగా నేను నిలబెట్టుకున్నది ఒక గుడ్డ మూటతో కూలదోశావన్నాను. వాడు గోడకానుకుని విన్నాడు, చిన్నప్పుడు పద్యం అప్పజెప్పలేక నిలబడ్డట్టే.

"అయిందా?" అన్నాడు చివరికి.

"కాలేదు."

"అయితే తర్వాత కొనసాగించు. ముందు నాది విను. పస్కా నాడు పొలిట్టాకు పట్టుకెళ్తున్నావు. పంటి నొప్పి అన్నావు. అమ్మా, నీకు కింది దవడలో పళ్ళే లేవు. మంది ఎక్కువై నీ వాటా వాళ్ళకిచ్చేస్తున్నావని అర్థమైంది. ఆ రొట్టె అందకుండా నీకేమైనా అయితే నేను బతకగలనా? వాళ్ళు చెప్పేది తప్పో, మీరు చెప్పేది తప్పో నాకు తెలీదు. నేను గోధుమలు కొలిచేవాణ్ణి. రెండు చోట్లా చదివే ప్రార్థన ఒకటే. ఒకటే అనిపించింది, తెచ్చాను."

"ఒకటి కాదు."

"సరే. కాదు."

"మరి నువ్వు? నువ్వెప్పుడు తీసుకున్నావు?"

"నీకు తెచ్చాక నాకెక్కడిది?"

వాడు కూడా పస్కా నుంచి తీసుకోలేదు. కోడలు కూడా.

వాడు పైకి వెళ్ళాక లెక్కపెట్టాను. ఏడు. ఆరు తెల్లవి, ఒకటి తవుడుది. అసలు చూడగానే తెలుస్తుంది. పన్నెండు రోజుల కిందట కూడా తెలిసింది.

ఫర్ముథి 24

ఇసిదోరా పొద్దున్నే దిగి వచ్చింది. ముఖం వాచిపోయి ఉంది.

"అత్తయ్యా, రేపు మీరు నిజం చెప్తే వాళ్ళకు తెలుస్తుంది. రొట్టె తీసుకుని తినకుండా ఇంకో పక్షానికి మోసినవాణ్ణి ఊరికే వదులుతారా? రేవులో పని పోతుంది. కొడతారు కూడా."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏం పోయింది? జనం సంతోషంగా ఉన్నారు. మీరు లెక్క ఒక్కటే చదువుతానన్నారు కదా. ఆ లెక్క అబద్ధం కాదు కదా."

ఈ పిల్లకు చదువు రాదని పదేళ్ళుగా అంటున్నాను. నేను డీకనుకు ఏ మాట చెప్పి నన్ను నేను సమాధానపరచుకున్నానో, సరిగ్గా ఆ మాటే నా ముందు పెట్టింది.

హోరియోన్‌ను పిలిచాను. నా గదిలోకే. "కొడతారా?" అని అడిగాను.

"కొట్టొచ్చు. కొలత కర్ర లాక్కోవడం మాత్రం ఖాయం."

"చెప్పొద్దంటావా?"

వాడు గూటి దగ్గరికెళ్ళి పెట్టె మూత సరిచేశాడు.

"చెప్పొద్దంటే నువ్వు వింటావా?"

"వినను."

"మరి అడగడమెందుకమ్మా?" అని నవ్వాడు. "ఒక్కదానివే వెళ్ళకు. ఎవరు తెచ్చారని అడిగితే నేను కూడా అక్కడ ఉండాలి."

ఫర్ముథి 25, ఆదివారం

సమాధుల తోటలో మూడువందల పన్నెండు మంది. పిల్లలు కాక. పోయిన వారం రెండువందల చిల్లర. నా పెట్టె కోసం వచ్చారు.

యుడైమోన్ నన్ను ఒక రాతి సమాధి మీదికెక్కించాడు. తయేసిస్ ముందు వరసలో ఉంది, అప్పుడే ఏడుస్తోంది.

లెక్క చదివాను. ఫమెనోత్ 6న ఇరవై నాలుగు, ఇచ్చినవి ఇన్ని, ఉండాల్సినవి ఇన్ని, ఉన్నవి ఇన్ని. ప్రతి అంకెకూ జనంలోంచి మూలుగు వస్తోంది. చివరికొచ్చాక ఇలా అన్నాను:

"ఎక్కువైనవి పెరిగినవి కావు. కొత్తవాళ్ళ గుడిలోంచి వచ్చినవి. నా కొడుకు హోరియోన్, నా కోడలు తమ నోటిది తెచ్చి నా పెట్టెలో వేశారు, నేను తీసుకోవడం లేదని. అవి నేనూ తిన్నాను, మీకూ పెట్టాను. వాళ్ళు నాకు చెప్పలేదు. కానీ ఫర్ముథి 11న ముక్క తెల్లగా ఉండడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ పాపం నాది."

ముందు తయేసిస్ అంది:

"ఛీ వదినా, ఎందుకు చెప్పావు?"

యుడైమోన్ ముఖం పాలిపోయింది. "దిగండమ్మా. దిగండి. మీరేం చేశారో మీకు తెలుసా? రేపు స్నానశాల మెట్ల మీద నవ్వుతారు, వాళ్ళ రొట్టె మనం అద్భుతమని తిన్నామని."

"నవ్వనీ. వాళ్ళు నవ్వినందుకు కుమారుడు తండ్రికంటే తగ్గిపోడు. ఆయన్ని నిలబెట్టడానికి నా పెట్టెలో అబద్ధం అక్కర్లేదు. అక్కర్లేకే కదా ఆయన దేవుడు" అన్నాను.

ఎవడో వెనక నుంచి, "కొడుకు అటు, తల్లి ఇటు, రెండు పడవల కాపురం!" అని అరిచాడు. హోరియోన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వాడి మెడ ఎర్రబడి ఉంది, కానీ నిలబడ్డాడు.

యుడైమోన్ చేయి చాచాడు. "పెట్టె ఇటివ్వండి. మన ముక్క తీసి, వాళ్ళవి నిప్పులో వేయాలి."

"ఎందుకు నిప్పులో?"

"అది ప్రభువు శరీరం కాదు కాబట్టి. అది వట్టి రొట్టె."

"వట్టి రొట్టే కదా?"

"వట్టి రొట్టే."

"అందరూ విన్నారా? డీకనుగారు వట్టి రొట్టె అంటున్నారు." తవుడు ముక్క గుడ్డలో చుట్టి పక్కన పెట్టాను, పొలిట్టాకు. "వట్టి రొట్టెను తింటే పాపం ఎలా అవుతుంది? వట్టిది కాకపోతే నిప్పులో ఎలా వేస్తారు? గోధుమ దొరక్క విధవలు పస్తులుంటున్న ఊళ్ళో నేను రొట్టె కాల్చను. అందులోనూ, వాళ్ళు తమ నోటిది తీసి తెచ్చింది."

ఆరు ముక్కలు. హోరియోన్‌కు రెండు, ఇసిదోరాకు రెండు, నాకు రెండు. అక్కడే, రాతి మీద నిలబడి తిన్నాం. గట్టిగా ఉన్నాయి. పళ్ళు లేని దవడతో నాకు చాలాసేపు పట్టింది. అంతసేపూ మూడువందల పన్నెండు మందీ చూస్తూ నిలబడాల్సి వచ్చింది. నేను తొందరపడలేదు.

ఫర్ముథి 27

హోరియోన్ కొలత కర్ర లాక్కున్నారు. కొట్టలేదు. ఒకడు చొక్కా మీద ఉమ్మేశాడట. చొక్కా నేను ఉతికాను. నేతశాలలో తూకానికి మనిషి కావాలి, రేపటి నుంచి రమ్మన్నాను. కొడుకని చూడను, తప్పు తూస్తే అందరి ముందూ తిడతానని ముందే చెప్పాను.

"అది కొత్తేం కాదు" అన్నాడు.

ఫర్ముథి 29

యుడైమోన్ తీర్పు పంపాడు, తయేసిస్ చేత. వచ్చే పస్కా వరకు మా ముగ్గురికీ ప్రభువు బల్ల లేదు. కూడికల్లో పశ్చాత్తాపపడేవాళ్ళతో కలిసి తలుపు బయట నిలబడాలి. పెట్టె ఇచ్చేయాలి. ఇచ్చేశాను, కడిగి.

తయేసిస్ చెప్పడం అయ్యాక కూడా వెళ్ళలేదు. గడప మీద కూర్చుని గోళ్ళు గిల్లుకుంది.

"నలుగురైదుగురు జారిపోయారు వదినా, ఆదివారం తర్వాత."

"పేర్లు చెప్పు."

చెప్పింది. అయిదుగురు. రాసుకున్నాను. వాళ్ళ ఇళ్ళకు నేను వెళ్ళాలి.

"అది కాదు గానీ," అంది, "ఆ తెల్ల ముక్కలు తిన్న ఆ రెండు వారాలూ నాకు మోకాలు నొప్పి తగ్గింది. అది కూడా అబద్ధమేనా?"

"నీ మోకాలి సంగతి నాకు తెలీదు" అన్నాను. అది నిజం.

ఫర్ముథి 30

సాయంత్రం పప్పు తింటూ హోరియోన్‌తో రెండు గంటలు వాదించాను. తండ్రి, కుమారుడు ఒకే సారం అంటే ఏమిటో మొదటినుంచి చెప్పాను. వాడికి సగం అర్థమైంది. మిగతా సగం రేపు చెప్తానన్నాను. "ఇంకా ఉందా?" అన్నాడు. చాలా ఉంది.

పఖోన్ 2, ఆదివారం

ముగ్గురం సమాధుల తోటకు వెళ్ళాం. శిక్ష ప్రకారం బయట నిలబడడానికి. యుడైమోన్ మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు, చేయి పైకెత్తి. అక్కడే ఆగిపోయాడు.

ఆ తోటకు గోడ లేదు. తలుపు లేదు. సైనికులు గుడి తీసుకున్నప్పటినుంచీ మనకు ఎక్కడా లోపల అన్నది లేదు, కాబట్టి బయట కూడా లేదు. అతను అటు చూశాడు, ఇటు చూశాడు. ఒక అంజూరు చెట్టు చూపించబోయాడు, దాని కింద అప్పటికే జనం ఉన్నారు.

"ఎక్కడ నిలబడమంటారు డీకనుగారూ?" అని అడిగాను.

అతను జవాబు చెప్పేలోగా కీర్తన మొదలైంది. నేను మా తండ్రి సమాధి పక్కన, నా మామూలు చోటులోనే నిలబడ్డాను. నా కుడివైపు హోరియోన్, వాడి పక్కన ఇసిదోరా. గొంతెత్తి పాడాను. నా గొంతు బాగుండదు. అందరికీ వినిపించింది.